అరుగుకు లేని హక్కు తోపుడు బండికుంది

బేతంచెర్ల అంటే బండలు. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లారీలెక్కి ఎక్కడెక్కడి ఇళ్లకో పోయే ఆ బండే, ఊళ్లో మురుగుకాలువ మీదికీ చేరుతుంది. మొదట కాలువ దాటడానికని ఒకటి. తర్వాత బైకు ఎక్కించడానికి ఇంకో రెండు. ఆపైన సిమెంటు, సిమెంటు మీద అరుగు, అరుగు మీద రేకుల షెడ్డు. రోడ్డు అడుగు తర్వాత అడుగు ఇంట్లోకి వస్తుంది. నగర పంచాయతీ అయ్యాక 2021 నవంబరులో 20 వార్డులకు తొలిసారి ఎన్నికలు జరిగిన ఊరిది. రోడ్డు లెక్కలు మాత్రం ఇంకా పాత నమ్మకాల మీదే నడుస్తున్నాయి.

అపోహ: ‘మా ఇంటి ముందర జాగా మాదే కదప్పా!’

కాదు. పట్టాలో రాసిన హద్దు దగ్గరే మీ జాగా అయిపోతుంది. దాని ముందున్న మున్సిపల్ రోడ్డు, రోడ్డు పక్క కాలువ కౌన్సిల్ అధీనంలోనివి. ‘పన్నెండేళ్లు అనుభవిస్తే మనదే’ అనే మాట కూడా వినిపిస్తుంటుంది. ఆ పన్నెండేళ్లు ప్రైవేటు స్థలాల లెక్క. ఆక్రమణకు గురైన రోడ్డు కోసం స్థానిక సంస్థ దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు 30 ఏళ్లు. షెడ్డుకు పన్ను కడుతున్నామన్నా లాభం లేదు. పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు.

అపోహ: ట్రేడ్ లైసెన్సు ఉంది కాబట్టి సరుకు బయట పెట్టుకోవచ్చు.

లైసెన్సు షట్టరు లోపలి వ్యాపారానికి. షట్టరు బయట పేర్చిన బండలకూ, సిమెంటు బస్తాలకూ అది వర్తించదు.

అపోహ: రోజూ ఆశీలు కడుతున్నాం, ఈ చోటు మాది.

తోపుడు బండ్లవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆశీలు రసీదు ఆ రోజు అమ్మకానికి కట్టిన రుసుముకు రుజువు, అంతే. చోటుకు గుర్తింపు వచ్చేది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రంతో. అది కూడా శాశ్వత హక్కు కాదని ఆ చట్టమే చెబుతోంది. వీధిలో అమ్ముకోవడం వ్యాపారం చేసుకునే హక్కు కిందికే వస్తుంది కానీ, ఫలానా చోటే కావాలనే హక్కు లేదని సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో తేల్చింది.

అపోహ: అధికారి తలచుకుంటే బండి ఎత్తుకుపోవచ్చు.

నా దృష్టిలో అన్నింటికన్నా చెరుపు చేసేది ఈ నమ్మకమే. అదే 2014 చట్టం ప్రకారం ముందు వీధి వ్యాపారులందరి సర్వే పూర్తి కావాలి, ధ్రువపత్రాలు ఇవ్వాలి. అంతవరకూ ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాల్సిందే. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. చట్ట ప్రకారం సరుకు స్వాధీనం చేసుకున్నా దాని జాబితా రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే కూరగాయల్లాంటివి అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఒక్క మినహాయింపు: రైల్వే స్థలాలకు ఈ చట్టం వర్తించదు. స్టేషన్ ఆవరణలో బండి పెట్టేవాళ్లు ఈ ధీమా పెట్టుకోవద్దు.

విచిత్రం చూడండి. ఊరంతా తోపుడు బండినే ఆక్రమణ అంటుంది, అరుగును ఇల్లంటుంది. చట్టం రక్షణ ఉన్నది బండికి. సాయంత్రమయ్యేసరికి అది కదిలిపోతుంది, అరుగు కదలదు.

అపోహ: కౌన్సిలరన్న సరేనంటే కూడలిలో విగ్రహం పెట్టొచ్చు.

ఆయన సరేనన్నా చెల్లదు. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఆర్‌ అండ్‌ బి రోడ్డయితే మున్సిపాలిటీని అడిగీ ప్రయోజనం లేదు, ఆ రోడ్డు ఆ శాఖది.

బండ్లు పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. సరుకు తీసుకెళ్తుంటే గొడవ పడకండి, జాబితా అడిగి తీసుకోండి. అందులో టమాటాలు ఉంటే ఆ రోజే అడగడం మర్చిపోకండి.