మీకు తెలుసా? సత్యవేడు దాటితే ‘విదేశం’!

సత్యవేడు పక్కన శ్రీసిటీ అనే పారిశ్రామిక నగరం ఉంది కదా. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. శ్రీసిటీలో కొంత భాగం మాత్రం సుంకాల లెక్కలో అసలు మన దేశంలోనే లేదు!

2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్) చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం సెజ్ దేశ కస్టమ్స్ పరిధికి బయట ఉన్నట్టే. శ్రీసిటీలో సెజ్‌తో పాటు మామూలు దేశీయ సుంకాల ప్రాంతమూ ఉంది. రెండు చోట్లా చుట్టుపక్కల పల్లెల వాళ్లు పనిచేస్తారు. మధ్యలో గోడ, గేటు, కస్టమ్స్ కాగితాలు.

తిరుపతిలో అట్టపెట్టెలు చేసే వ్యాపారి ఒక లారీ లోడు సెజ్ ఫ్యాక్టరీకి పంపాడనుకోండి, చట్టం దృష్టిలో అది ఎగుమతి. జీఎస్టీ కూడా సున్నా రేటే. సముద్రం మొహమే చూడని సరుకు! అదే ఫ్యాక్టరీ తన వస్తువును చిత్తూరులో అమ్మాలంటే అది దిగుమతి. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం వేయాలి, కస్టమ్స్ సుంకం కట్టాలి.

ముడిసరుకు సుంకం లేకుండా తెచ్చుకున్నారు గనక ఇంతవరకు సబబే అనిపిస్తుంది. చిక్కంతా వాణిజ్య ఒప్పందాలతో వచ్చింది. ఆసియాన్ దేశాలతో, దక్షిణ కొరియాతో మన ఒప్పందాలు 2010 జనవరి 1 నుంచి, జపాన్‌తో 2011 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అక్కడి సరుకులు చాలావాటి మీద సుంకం తగ్గింది, కొన్నిటికి పూర్తిగా పోయింది. అయితే ఆ సరుకు అక్కడే తయారైందని రుజువు చూపాలి. సత్యవేడు దగ్గర తయారైన వస్తువు పుట్టింది ఇండియాలో. మనతో మనకు ఒప్పందం ఎక్కడుంటుంది? అందుకే రాయితీ లేదు.

ఒక వస్తువు మీద మామూలు సుంకం 10 శాతం, జపాన్ ఒప్పందంలో సున్నా అనుకుందాం. లక్ష రూపాయల సరుకు ఒసాకా నుంచి ఓడెక్కి చెన్నై రేవులో దిగితే కస్టమ్స్ సుంకం లేదు. పక్కనే ఉన్న శ్రీసిటీ సెజ్ నుంచి లారీలో వస్తే రూ.10,000. జీఎస్టీ, సర్‌చార్జీల సంగతి వేరే. పరాయివాడికి మాఫీ, ఇంటివాడికి వడ్డన! సెజ్ యూనిట్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నది దీని గురించే. ఎక్కువ సరుకు దేశంలోనే అమ్ముకోవాలనుకునే కంపెనీకి గోడ ఇవతలి స్థలమే మేలు. దిగుమతి చేసుకునే విడిభాగాల మీద సుంకం పడుతుంది గానీ, అమ్మేటప్పుడు కస్టమ్స్ గొడవ ఉండదు.

కొనేవాళ్లకు ఇదేమీ కనిపించదు. ‘మేడిన్ ఇండియా’ అని ఉన్న వస్తువు ధరలోనూ దిగుమతి సుంకం కలిసి ఉండొచ్చు. సెజ్‌లో మిగిలిన తుక్కుకీ మినహాయింపు లేదు. పాత ఇనుము కొనుక్కునే వ్యాపారి లారీ కూడా, వర్తించే సుంకం కట్టాకే ఆ గేటు దాటాలి.