గొట్టాల చిక్కు

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి 1993 నాటి మాజ్డా ఆర్‌ఎక్స్-7 ఒకటి కొని తెచ్చాడు. వాడికంటే ఆ కారే వయసులో పెద్దది. ఇంజను మీది గాలి మానిఫోల్డు విప్పి చూస్తే కింద ఎటు చూసినా సన్నని రబ్బరు గొట్టాలే. ఇక్కడివాళ్ళు దీన్ని "ఎలుక గూడు" అంటారు.

"ఇవన్నీ పీకేద్దాం నాన్నా, సులువైపోతుంది" అన్నాడు.

"ఏది ఏం చేస్తోందో చెప్పి పీకు" అన్నాను. చెప్పలేకపోయాడు. నిజానికి నాకూ తెలియదు.

ఇన్ని గొట్టాలెందుకు? 1.3 లీటర్ల ఆ రోటరీ ఇంజనుకి రెండు టర్బోలు. ఇంజను వదిలే పొగ ఊపుతో తిరుగుతూ గాలిని ఇంజనులోకి నెట్టేదే టర్బో. మొదటిది ఎప్పుడూ పనిచేస్తుంది. రెండోది నిమిషానికి సుమారు 4,500 చుట్ల దగ్గర తోడవుతుంది. అందుకోసం లోపల కొన్ని తలుపులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. వాటిని కదిలించేది ఈ గొట్టాల్లోని గాలి ఒత్తిడీ, వాక్యూమూను. ముప్ఫై ఏళ్ళ వేడికి రబ్బరు అప్పడంలా పెళుసెక్కుతుంది. ఒక గొట్టం విరిగితే రెండో టర్బో రాకపోవచ్చు. వేస్ట్‌గేటుకి వెళ్ళేది ఊడితే ఒత్తిడి అదుపు తప్పి ఇంజనుకే ముప్పు.

రెండు టర్బోలూ ఎప్పుడూ కలిసే పనిచేసేలా మార్చేస్తే చాలా గొట్టాలు అక్కర్లేదు. కాని తక్కువ చుట్ల దగ్గర చురుకు తగ్గుతుంది. పైగా వాటిలో కొన్ని కాలుష్యాన్ని తగ్గించేవి. వాటిని తీసేయడం అమెరికాలో చట్టవిరుద్ధం. మేముండే కాలిఫోర్నియాలో రెండేళ్ళకోసారి జరిగే పొగ పరీక్షలో హుడ్ ఎత్తి కళ్ళతో కూడా చూస్తారు. అందుకని అన్నీ ఉంచి, కొత్తవి వేద్దామనుకున్నాం.

ముందు ఫొటోలు తీశాం. ప్రతి గొట్టానికీ రెండు కొసలా టేపు అంటించి అంకె వేశాం. ఒకటి తీయడం, అంతే పొడుగు సిలికోన్ గొట్టం కోసి పెట్టడం, తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళడం. పెట్రోలు, ఆయిలు వెళ్ళేచోట మాత్రం మామూలు సిలికోన్ వాడకూడదు. వాటికి తగిన గొట్టాలే వేయాలి.

మూడు శనివారాలు పట్టింది. తీరా నడిపి చూస్తే రెండో టర్బో రాలేదు! గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వును తిరగేసి పెట్టాం. పెట్టింది నేనే. మళ్ళీ అంతా విప్పాల్సొచ్చింది. మావాడు నవ్వాడే కాని, విసుక్కోలేదు.

ఇప్పటికీ మానిఫోల్డు కింద అన్ని గొట్టాలూ ఉన్నాయి. కాని దేనిమీద వేలు పెట్టినా అది ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో, ఎందుకు వెళ్తుందో మావాడు చెబుతాడు. పీకేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.