గుక్కెడు నీళ్లకు ముందు

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లే దారిలో తెల్లవారకముందే నడకకు వచ్చేవాళ్లు కనిపిస్తారు. మేము నగరంలోని ఓ ఆసుపత్రి స్ట్రోక్ వార్డులో నర్సులం. రాత్రి డ్యూటీ దిగి అదే దారిలో ఇళ్లకు చేరుతుంటాం. పక్షవాతం ఎక్కువగా వచ్చేది ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం లోపే. అందుకేనేమో, నడుస్తూ ఎవరైనా తూలినా మా చూపు అటే పోతుంది.

మనిషి కుప్పకూలగానే చుట్టూ ఉన్నవాళ్లు చేసే మొదటి పని నోట్లో నీళ్లు పోయడం. వార్డులో మేము చేసే మొదటి పనుల్లో ఒకటి ఆ నీళ్లను ఆపడం. చెయ్యీ కాలూ పడిపోయినట్టే గొంతు కండరాలూ పట్టు తప్పుతాయి. అప్పుడు మింగిన నీరు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, న్యుమోనియా వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు కాబట్టి నీరు దారి తప్పిందని పక్కనున్నవారికి తెలియనే తెలియదు.

"సిస్టర్, నాన్నగారి నాలుక పిడచకట్టుకుపోతోంది, ఒక్క చెంచా పోయండి" అని బిడ్డలు ఏడుస్తారు. పరామర్శకు వచ్చినవాళ్ల చేతిలో కొబ్బరిబొండం ఉంటుంది. ఓ సంఘపెద్ద అయితే మత్తయి సువార్త పదో అధ్యాయంలోని చన్నీళ్ల మాట గుర్తుచేసి, మీరు క్రైస్తవులేనా అని అడిగారు. ఆయన కోపం న్యాయమైనదే. దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వమనే కదా మనం నేర్చుకున్నది! అయినా మేము కాదనే అన్నాం. తడి గుడ్డతో పెదవులూ నోరూ తుడిచాం. రోగి బాగా మెలకువలోకి వచ్చాక నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లిచ్చి చూస్తాం. దగ్గు వచ్చినా, గొంతు గరగరమన్నా అక్కడితో ఆపేస్తాం. ఏమీ లేకపోతేనే గ్లాసు అందిస్తాం.

ఇది చాదస్తం కాదు. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. మొదటి 72 గంటలు జ్వరం, షుగరు, మింగడం, ఈ మూడింటినీ నర్సులు పద్ధతి ప్రకారం చూసుకున్నచోట, 90 రోజుల నాటికి చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి 42 శాతం. మామూలు పద్ధతిలో చూసినచోట 58 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రమూ లేదు.

మేము అడిగే మరో ప్రశ్నకూ బంధువులు విసుక్కుంటారు: "ఆయన చివరిసారి బాగున్నది ఎప్పుడు?" రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపు పడాలి. నిద్రలో వస్తే లేచిన సమయం కాదు, పడుకున్న సమయమే లెక్క. చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు. పావురం రక్తం పూస్తూ, నాటు మందు కోసం తిరుగుతూ పోగొట్టుకున్న గంటలు తిరిగిరావు. ప్రార్థన చేయండి, 108 బండిలో కూర్చుని చేయండి. ఇంట్లో ఉన్న బీపీ బిళ్లో ఆస్ప్రినో వేయకండి. మెదడులో గడ్డకట్టిందో, రక్తం చిమ్మిందో స్కానింగ్‌లోనే తేలుతుంది.

బీపీ అంటే గుర్తొచ్చింది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన తార్నాకలోనే. కూనూరు నుంచి 1958లో ఇక్కడికి వచ్చింది. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటవద్దని 2024లో అది ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆవకాయ లేని ప్రేమవిందు మన సంఘాల్లో ఎక్కడైనా ఉందా?

పరామర్శకు వచ్చే సంఘస్థులకు ఒక మనవి. పడిపోయిన చేతిని పట్టి లాగకండి, భుజం కీలు దెబ్బతింటుంది. మాట రాని మనిషి పక్కన ఆయనకేమీ తెలియదన్నట్టు మాట్లాడకండి. మాట పోయినా అర్థం చేసుకునే శక్తి చాలామందిలో మిగిలే ఉంటుంది. వీలైతే ఆయనకు చిన్నప్పటి నుంచి వచ్చిన కీర్తన ఒకటి మెల్లగా ఎత్తుకోండి. పేరు కూడా చెప్పలేని కొందరు చరణాలకు చరణాలు మీతో కలిసి పాడతారు. మాటకు ఆధారమైన ఎడమ మెదడు దెబ్బతిన్నా, రాగానికి కుడి మెదడు తోడ్పడుతుంది.

పాట అయ్యాక "నీళ్లు" అనమంటే మాత్రం ఆ ఒక్క మాటా రాదు. అందుకే మంచం పక్కన బొమ్మల అట్ట ఒకటి పెడతాం. గ్లాసు బొమ్మ మీద వేలు పెడితే, మేము ముందు మంచం తలవైపు పైకెత్తి, తరువాత చెంచా తీసుకుంటాం.