పెట్టెల హోరులో పల్లె క్రిస్మస్ పాట

పత్తి తీతలు ముమ్మరంగా సాగే డిసెంబరు నెలలో పల్నాటి పల్లెల రాత్రిళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. చీకటి పడేసరికి వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రాలు ఇళ్ల ముందు వెలుగుతాయి. భోజనాలు కాగానే ఒకరు హార్మోనియం, ఒకరు డోలక్, మిగిలినవారు కంజిరలు, తాళాలు పట్టుకొని బయలుదేరతారు. వీరినే మనవాళ్లు కేరల్స్ జట్టు అంటారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఈ జట్టు రాని క్రిస్మస్‌ను ఊహించడం కష్టం. కాని ఈ జట్ల నోట పెరిగిన పల్లె బాణీలు మాత్రం తగ్గిపోతున్నాయి. వాటిని ఎరిగిన పెద్దలు తగ్గుతున్నారు, సౌండు పెట్టెలు పెరుగుతున్నాయి. ఈ సంగతిని పండుగకు ముందే నాలుగు మాటలు చెప్పుకోవడం మంచిది.

వాకిలే వేదిక

కేరల్స్ పాటకు టిక్కెట్టు లేదు, వేదిక లేదు. ఇంటి వాకిలే కచేరీ స్థలం. జట్టులో పెద్దగొంతు గలవాడు పల్లవి ఎత్తుకుంటాడు. రెండోసారికి జట్టు వంత పాడుతుంది. మూడోసారికి ఇంటివాళ్లు గొంతు కలుపుతారు. చరణం తప్పితే గడపలో కూర్చున్న ముసలమ్మే అందుకొని సరిచేస్తుంది. పాట అయ్యాక ఆ ఇంట్లో జబ్బుపడినవారి కోసం, చేలో ఉన్న పంట కోసం, పట్నంలో చదివే పిల్లల కోసం ప్రార్థన జరుగుతుంది. ఇంటివాళ్లు టీ, తినుబండారాలు ఇచ్చి, తోచిన కానుక పళ్లెంలో వేస్తారు. జట్టు మరో వాకిలికి కదులుతుంది. గుడికి రానివారు కూడా అరుగుల మీద కూర్చొని వినడం కద్దు.

ఈ పాటలు మూడు నాలుగు రకాలు. బాలయేసుకు పాడే జోలపాటలు కొన్ని. కోలాటం నడకలో సాగే గొల్లల పాటలు కొన్ని. నాట్లప్పుడు పాడుకునే వరసలో బెత్లెహేము ప్రయాణం చెప్పే పాటలు మరికొన్ని. రాత్రివేళ పొలంలో మందను కాచుకొనే గొల్లలకు ముందుగా శుభవార్త అందిందని బైబిలు చెబుతుంది. ఎరువు కోసం చేలల్లో గొర్రెల మంద కట్టించే మన రైతుకు ఆ దృశ్యం పరాయిది కాదు. కనుకనే ఆ కథ మన బాణీల్లో అంత తేలికగా ఇమిడిపోయింది.

కీర్తన ఒక దారి, పల్లె పాట మరొక దారి

జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. 1849లో ఆయన గురజాలకు వచ్చి పల్నాటిలో పని సాగించారు. అమెరికన్ బాప్టిస్టు మిషను 1883లో నరసరావుపేటలోనూ, వినుకొండలోనూ స్థిరపడింది. రెంటచింతల వంటి చోట్ల కతోలికుల గుళ్లు వెలిశాయి.

ఈ గుళ్లలో రెండు రకాల పాట వినిపించింది. మొదటిది కీర్తన. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటి కవులు పల్లవి, చరణాలతో కీర్తనలు కట్టారు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. రెండోది పల్లెపాట. దానికి రాగం పేరు ఎవరూ రాయలేదు. చాలా పాటలకు కట్టినవారి పేరు కూడా తెలియదు. కూలికి పోయే ఆడవాళ్లు చేలో పాడుకున్న వరసకే కొత్త మాటలు అమిరాయి. కీర్తన పుస్తకంలో నిలిచింది. పల్లెపాట గొంతులో నిలిచింది. గొంతు ఆగితే పాట కూడా ఆగిపోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

డప్పు గుడిలోకి వచ్చిన తీరు

డప్పు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1866లో ఒంగోలులో పని మొదలుపెట్టిన బాప్టిస్టు మిషనరీ క్లౌ, తన వద్దకు వచ్చిన మాదిగలకు ప్రధానంగా మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. విగ్రహాలకు మొక్కనివారు జాతరల్లో డప్పు కొట్టడమూ మానుకున్నారు. ఆ డప్పు కళ మాత్రమే కాదు, ఊరివారు కులాన్ని బట్టి అంటగట్టిన వెట్టి కూడా. దాన్ని దించడం ఆనాడు ఆత్మగౌరవం కోసం వేసిన అడుగు.

అందువల్ల డప్పుకు గుడి గడప ఎక్కడానికి చాలాకాలం పట్టింది. తర్వాతి తరాల్లో దళిత యువకులు అదే డప్పును తమ గౌరవానికి గుర్తుగా చేతబట్టారు. వెట్టిగా కొట్టిన వాద్యాన్ని ఇప్పుడు ఇష్టంగా కొడుతున్నారు. నేడు కేరల్స్ జట్టు ముందు డప్పు మోగితే అందులో ఇంత చరిత్ర ఉందని పిల్లలకు తెలియాలి.

దూరదేశపు కాఫీ హోటళ్లలో

"కేరల్" అనే మాటకూ మన కోలాటానికీ చుట్టరికం ఉందంటే ఆశ్చర్యం కలుగవచ్చు. పాత ఫ్రెంచి భాషలో ఆ మాటకు అర్థం, చేతులు పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట. ముందు ఒకడు చరణం చెబుతాడు, చుట్టూ ఉన్నవారు పల్లవి అందుకుంటారు. మన కోలాటం నడక కూడా అదే గదా!

ఆ దేశాల్లోనూ పాత పాటలు మరుగునపడే ప్రమాదం వచ్చింది. వాటికి ఊపిరి పోసినవాటిలో చిన్న చిన్న కాఫీ హోటళ్లు ఉన్నాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్ అనే ఊళ్లో లీనా స్పెన్సర్ అనే ఆమె, భర్తతో కలిసి 1960లో అటువంటి కాఫీ హోటలు తెరిచారు. సుమారు నూరుమంది పట్టే గది. పాడేవాడి ముఖం ప్రతివారికీ కనబడుతుంది. తర్వాత 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందిన బాబ్ డిలాన్, పేరు రాకముందు 1961లో అక్కడ పాడాడు. లీనా 1989లో మరణించినా "కెఫే లీనా" పేరుతో అక్కడ పాట సాగుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే జానపద బాణీలకు కరెంటు గిటార్లు, డ్రమ్ములు జోడించే పద్ధతి వచ్చింది. దానికి ఫోక్ రాక్ అని పేరు. ఇంగ్లండులో స్టీలై స్పాన్ అనే ఫోక్ రాక్ బృందం, 1582లో అచ్చయిన పుస్తకంలోని లాటిన్ క్రిస్మస్ పాటనొకదాన్ని పాడింది. అది 1973 క్రిస్మస్ రోజుల్లో ఆ దేశపు అమ్మకాల పట్టికలో 14వ స్థానానికి ఎక్కింది. గమనించదగ్గ విషయమేమంటే, కరెంటు వాద్యాలున్న ఆ బృందం ఈ పాటకు ఒక్క వాద్యమూ వాడలేదు. గొంతులు మాత్రమే వినిపించాయి. నాలుగు వందల ఏళ్లనాటి పాటను నిలబెట్టింది ఆ గొంతులే.

మనం చేయగల పని

కీబోర్డు వాయించే కుర్రవాళ్లను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కొత్త వాద్యం పాత బాణీని మోస్తే మంచిదే. కాని ఒక మైకు ముందు ఒక్కడు పాడి, మిగిలినవారు నోరు మూసుకొని నిలబడితే కేరల్స్‌కు అర్థం లేదు. పెట్టెల హోరులో ముసలమ్మ గొంతు వినబడదు, చరణం సరిచేసే అవకాశం ఉండదు. పైగా 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు వాడరాదు. పండుగ రోజుల్లో ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అది అర్ధరాత్రి వరకే. మన పాట మాత్రం ఏనాడూ మైకు మీద ఆధారపడింది కాదు.

పల్నాటి వీరుల కథకు ఈ విషయంలో మేలు జరిగింది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా వెలువరించారు. బుర్రకథలో ఆ కథను ఊరూరా వినిపించిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. క్రిస్మస్ పల్లెపాటలకు కూడా అటువంటి శ్రద్ధ కావాలి. అందుకు పరదేశం నుంచి ఎవరో రానక్కరలేదు.

ప్రతి గుడిలో ఒక నోటుబుక్కు పెట్టవచ్చు. పాట, బాణీ, నేర్పినవారి పేరు, వారి ఊరు అందులో రాయాలి. రాయడం కుదరకపోతే చేతిలోని ఫోనులోనే పెద్దల చేత పాడించి నిలువచేయవచ్చు. వారి అనుమతి తీసుకోవడం మర్యాద. సంఘ పెద్దలు, అయ్యగార్లు పూనుకొని క్రిస్మస్‌కు ముందు ఒక సాయంత్రం మైకు లేకుండా పాత పాటలకే కేటాయిస్తే, పిల్లలకు వంత పాడడం అలవడుతుంది.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు, కమిటీలు అవసరం లేదు. ఈ ఏడు కేరల్స్ జట్టు మీ వాకిట్లోకి వచ్చినప్పుడు ఇంట్లోని పెద్దమ్మనో తాతనో ఒక పాత పాట అడగండి. వారు ఎత్తుకుంటే మీరు వంత పాడండి.