ఆకు పండువరకు ఆగవలెను

పాఠశాలలో ఆంగ్లపద్యములు చదివినవారిలో డాఫొడిల్ పేరు విననివారు అరుదు. ఆ పువ్వును కన్నులార చూచినవారు మనలో అంతకంటె అరుదు. 1802 ఏప్రిల్ 15వ తేదీన వర్డ్స్‌వర్త్ కవి తన చెల్లెలు డొరొతీతో నడచుచు, అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున వీనిని చూచెను. ఆ దృశ్యమును ముందుగా వ్రాసి ఉంచినది డొరొతీ దినచర్య. పద్యము 1807లో గాని అచ్చు కాలేదు. నేడు తెలుగు కుటుంబములు ఇంగ్లండులోను అమెరికాలోను స్థిరపడుటచే, పుస్తకములోని పువ్వు మన బిడ్డల పెరటిలోనే పూయుచున్నది. వారిని చూడబోవు పెద్దలకు దీని సంగతి కొంత తెలిసియుండుట మేలు.

డాఫొడిల్ గడ్డనుండి మొలచును. చూపునకు అది ఉల్లిగడ్డయే. వేసవిలోనే దాని లోపల మరుసటి ఏటి మొగ్గ రూపు దాల్చును. ఆ మొగ్గ కాడ సాగి పైకి లేచుటకు 12 మొదలు 16 వారముల చలి కావలెను. మన మైదానములలో ఇది నిలువకపోవుటకు కారణమిదియే. లోపము మట్టిలో లేదు, తోటమాలిలోను లేదు.

చలిదేశములలో సెప్టెంబరు మొదలు నవంబరు లోపల గడ్డలు నాటుదురు. గడ్డ ఎత్తునకు రెండు మూడింతల లోతున, మొన పైకి ఉండునట్లు, నాలుగైదు అంగుళముల ఎడముతో నాటవలెను. నీరు నిలిచినచో గడ్డ కుళ్ళును. కుండీలో నాటువారు అడుగున రంధ్రము తప్పక ఉంచవలెను.

అసలు పరీక్ష పూలు రాలిన పిమ్మట వచ్చును. వాడిన పువ్వును త్రుంచవచ్చును; విత్తనము కట్టుటకు గడ్డ తన బలమును వెచ్చింపదు. కాని ఆకులను తాకరాదు. వాలి, పసుపెక్కి, చూచుటకు ఇంపుగా లేకపోయినను కనీసము ఆరు వారములు వానిని అట్లే విడువవలెను. ముడివేయుటయు తగదు. ఆ ఆకులే ఎండను ఆహారముగా మార్చి గడ్డకు చేర్చుచున్నవి. పెరడు శుభ్రము చేయవలెనను తలంపుతో పచ్చి ఆకులను కోసినచో, మరుసటి వసంతమున ఆకులే గాని పూలు రాకపోవచ్చును. అప్పుడు, ఏమి చీడ పట్టినదో అని వగచి ఫలము లేదు.

ఇంకొక హెచ్చరిక. ఈ గడ్డలో లైకోరిన్ అను విషపదార్థము కలదు. పొరపాటున తినినచో వాంతులు పట్టుకొనును. కావున వంటింట ఉల్లిబుట్ట దరిదాపుల దీనిని ఉంచరాదు. చలికొరకు శీతలయంత్రములో దాచువారు సంచిపై పేరు వ్రాసి, పండ్లకు దూరముగా పెట్టవలెను. పండ్లనుండి వెలువడు వాయువు లోపలి మొగ్గను చెరచును. విశేషమేమన, మతిమరుపు వ్యాధికి వాడు గాలంటమిన్ అను ఔషధమును ఈ మొక్కనుండియు తీయుచున్నారు.

అంత చలి కోరని జ్ఞాతి యొకటి దీనికి కలదు. తెల్లని గుత్తులుగా పూయు పేపర్‌వైట్ అను రకమును మన శీతకాలమున గులకరాళ్ళు నింపిన గిన్నెలో, గడ్డ అడుగును మాత్రమే నీరు తాకునట్లు పెంచి చూడవచ్చును. ఉర్దూ కవులు కంటితో పోల్చు నర్గిస్ పువ్వు ఈ కుటుంబములోనిదే. హైదరాబాదు శ్రోతలకు ఆ పేరు క్రొత్తది కాదు.

పువ్వును మెచ్చుకొనుట అందరికిని తెలిసినదే. వాడుచున్న ఆకును ఓర్చుకొన్నవారి పెరటిలోనే మరుసటి ఏడు అది మరల పూయును.