స్కైడైవింగ్ నేర్చుకోవాలా? డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

దుబాయ్‌లో ఉద్యోగం చేసే మన కుర్రాళ్లలో కొందరికి విమానం నుంచి దూకడం నేర్చుకోవాలని సరదా. ఇంటి దగ్గర అమ్మీ, అబ్బాలకేమో గుండె దడ. ఇద్దరికీ ముందు తెలియాల్సింది ఒకటుంది. పామ్ జుమేరా ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది టాండమ్ జంప్. అందులో పారాచూట్ బాధ్యతంతా ఇన్‌స్ట్రక్టర్‌దే. అది అనుభవమే తప్ప శిక్షణ కాదు.

ఒంటరిగా దూకాలంటే ఏఎఫ్ఎఫ్ లాంటి కోర్సు చేయాలి. దానికి దుబాయ్‌లో ఎడారి వైపు ఉన్న కేంద్రానికి వెళ్లాలి. కొత్తవాళ్లు అనుకున్న చోట దిగలేరు కాబట్టి ఖాళీ నేల చాలా ముఖ్యం. అమెరికా సంస్థ యూఎస్‌పీఏ నిబంధనల్లో విద్యార్థి దిగే చోటు చుట్టూ 100 మీటర్ల వరకు అడ్డంకులు ఉండకూడదని ఉంది.

ఏ కేంద్రమైనా సరే, ఇవి అడగాలి:

• ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఇప్పటికీ చెల్లుతుందా?
• విద్యార్థి మరిచిపోయినా రిజర్వ్ పారాచూట్‌ను తెరిచే ఏఏడీ పరికరం ఉందా?
• ఒక లెవెల్ తప్పితే మళ్లీ దూకడానికి ఎంత కట్టాలి?
• యూఎస్‌పీఏ 'ఏ' లైసెన్సుకు కావాల్సిన కనీసం 25 జంపులకు మొత్తం ఖర్చెంత?
• ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? చాలా పాలసీల్లో స్కైడైవింగ్‌కు మినహాయింపు ఉంటుంది.

ఈ ప్రశ్నలకు చిరాకు పడే చోట డబ్బు కట్టకపోవడమే మంచిది.