గంప మాట, గల్లా మాట

మన కథల్లో అమ్ముకుని బతికే మనుషులకు కొదవ లేదు. గంప ఎత్తుకున్న ముసలమ్మ ఉంటుంది, గల్లాపెట్టె ముందు కూర్చున్న అంగడి యజమాని ఉంటాడు. లేనిదల్లా అమ్మే మాట. రచయిత ముసలమ్మ పేదరికాన్ని వర్ణిస్తాడు, వ్యాపారి లోభాన్ని వర్ణిస్తాడు. తీరా బేరం దగ్గరికి వచ్చేసరికి "కాసేపు బేరమాడి కొన్నాడు" అని ఒక్క వాక్యంతో దాటేస్తాడు. ఎవరికి ఎవరి మీద ఎంత పట్టు ఉందో తెలిసేది సరిగ్గా అతడు దాటేసిన చోటనే.

ఆడవాళ్లు సరుకు అమ్మేటప్పుడు ఒక తీరుగా, మగవాళ్లు ఇంకో తీరుగా మాట్లాడతారన్నది అందరూ ఒప్పుకునే సంగతే. ఎందుకన్న దగ్గరే పేచీ. స్త్రీ స్వభావం మెత్తన, పురుష స్వభావం కరకు అనేది సులువైన సమాధానం. అది నిజమే అయితే రచయితకు పని కూడా తగ్గుతుంది. ఆడ పాత్రకు నాలుగు మెత్తని మాటలు, మగ పాత్రకు నాలుగు కరకు మాటలు ఇస్తే సరిపోతుంది. ఆ సమాధానం ఎంత పొల్లో తెలియాలంటే ప్రొద్దుటూరు బజారులో ఒక పూట నిలబడితే చాలు.

ప్రొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పేరుపడ్డ ఊరు. రెండో బొంబాయి అని కూడా అంటారు. బంగారు అంగడిలో యజమాని మాటలు లెక్కపెట్టవచ్చు. గ్రాము ధర ఆయన చేతిలో లేదు, పలక మీద ఉంది. ఇక బేరమంతా తరుగు మీద, మజూరీ మీద. "తరుగు ఇంత పడుతుందమ్మా" అంటాడే గాని "నేను ఇంత తీసుకుంటాను" అనడు. ఆ వాక్యంలో తీసుకునేవాడు కనిపించడు. 2021 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయ్యాక సరుకు నాణ్యం గురించి ఒట్టు పెట్టుకోవలసిన అవసరం కూడా తగ్గింది. ముద్ర ఉంది, పలక ఉంది, కాటా ఉంది. అవన్నీ ఆయన తరఫున మాట్లాడుతుంటే ఆయన నోరు విప్పనక్కర్లేదు. ఈ పొదుపు మగతనానిది కాదు, గల్లాది.

అక్కడి నుంచి బట్టల అంగడికి పోదాం. గల్లా దగ్గర యజమాని మాట ఇక్కడా పొదుపే. మరి చీరలు పరిచే గుమాస్తా సంగతి? మడత విప్పి పైట కొంగు తన భుజం మీదనే వేసుకుని చూపిస్తాడు. "ఈ రంగు నీకు బాగా నప్పుతుందక్కా", "కాస్త ఈ అంచు చూడు తల్లీ", "కొనకపోతే పోయె, చూడ్డానికి దుడ్లా ఏమన్నా?" రాబిన్ లేకాఫ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1975లో స్త్రీల భాషా లక్షణాలంటూ ఒక పుస్తకంలో కొన్నింటిని పేర్కొన్నది: మాటను మెత్తబరచడం, వాక్యం చివర ఒప్పుకోలు అడగడం, మర్యాద ఎక్కువ కావడం, ముచ్చటైన విశేషణాలు వాడడం. ఆ పట్టిక పెట్టి పరీక్షిస్తే ప్రొద్దుటూరులో మొదటి మార్కు ఈ మీసాల గుమాస్తాకే వస్తుంది.

ఇది వేళాకోళం కాదు. విలియం ఒబార్, బౌమన్ అట్కిన్స్ అనే పరిశోధకులు అమెరికాలోని ఉత్తర కెరోలినా కోర్టుల్లో సాక్షుల మాటలు పరిశీలించి 1980లో ఈ సంగతే చెప్పారు. హోదా, అనుభవం ఉన్న స్త్రీ సాక్షుల మాటల్లో ఆ లక్షణాలు తక్కువ; హోదా లేని మగ సాక్షుల మాటల్లో దండిగా ఉన్నాయి. అందుకని దాన్ని స్త్రీల భాష అనకుండా బలంలేని వాళ్ల భాష అన్నారు. మూడేళ్ల తర్వాత, 1983లో, ఆర్లీ హాక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే యువతులనూ, బాకీలు వసూలు చేసే ఉద్యోగులనూ పక్కపక్కన పెట్టి పరిశీలించింది. ఒకరికి నవ్వు ఉద్యోగం, ఇంకొకరికి కోపం ఉద్యోగం. జీతమిచ్చేవాడు చేతుల శ్రమనే కాదు, ముఖాన్నీ గొంతునూ కూడా కొంటాడన్నది ఆమె చూపించిన విషయం. మన గుమాస్తా భుజం మీది పైట కొంగు ఆ కోవలోదే.

జమ్మలమడుగులో నేతగాడిని చూసినా ఇదే తేలుతుంది. కండెలు చుట్టడం మొదలు మగ్గం చుట్టూ ఉన్న పనిలో సగం ఆడవాళ్లది. నేసిన చీర పట్టుకుని షావుకారు దగ్గరికి పోయేది మాత్రం మగవాడు. ఇంట్లో కేకలేసే ఆ మనిషే షావుకారు ముందు "మీరే చూసి వేయండి సామీ" అంటాడు. నూలు షావుకారుది, అప్పు షావుకారుది. ఆ మాట ఇంకెట్లా ఉంటుంది?

ఇక్కడితో ఆగిపోయి "అంతా వర్గమే" అనేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. అది కూడా చాలదు. కూరగాయల మార్కెట్లో ఒకే సరుకు, ఒకే పెట్టుబడి, ఒకే అప్పు ఉన్న ఇద్దరిని తీసుకోండి. తోపుడు బండి మగవాడు "కిలో ఇరవై, కిలో ఇరవై" అని వీధికంతా వినబడేట్టు అరుస్తాడు. ఆ కేక ఎవరినీ ఉద్దేశించింది కాదు. నేల మీద గంప పెట్టుకున్న స్త్రీ అట్లా అరవడం తక్కువ. పోయే మనిషిని ఒక్కొక్కరినే పిలుస్తుంది. పిలవాలంటే వరస కావాలి.

ఆ వరసలోనే అసలు కిటుకుంది. మన బంధుత్వ పదాలు మనుషులను రెండుగా చీలుస్తాయి: పెళ్లికి వరసైనవాళ్లు, కానివాళ్లు. వయసులో ఉన్న స్త్రీ ముక్కూమొహం తెలియని మగవాడిని పిలిచేటప్పుడు "అన్నా" అంటుంది, "చిన్నాయనా" అంటుంది. "మామా" అనదు, "బావా" అసలే అనదు. ఆ "అన్నా" సరుకు అమ్ముతుంది, చుట్టూ గీత కూడా గీస్తుంది. గుమాస్తా "అక్కా" అనేది సరుకు కోసమే. పొరపాటున "వదినా" అన్నా ఒక చీవాటుతో పోతుంది. ఆమె పొరపడితే పోయేది పేరు. అదే మనిషి అరవయ్యేళ్లకు వచ్చాక "ఏం కొడకా, నిన్న తీసకపోయినవి బాగున్నాయి కదా, మళ్లా బేరమేంది?" అనగలుగుతుంది. బీదరికం తగ్గలేదు, గీత గీసుకోవలసిన అవసరం తగ్గింది. ఆ వాక్యంలోని "కదా" చూడండి. లేకాఫ్ లెక్కలో అది సందేహానికి గుర్తు కావాలి. ఇక్కడ మాత్రం కొనేవాడికి తప్పించుకునే దారి లేకుండా చేస్తున్నది. వేరే భాష మీద కట్టిన సూత్రాన్ని తెలుగు మీద యథాతథంగా పరిచేవాళ్లు ఈ ఒక్క ముక్క గురించయినా ఆలోచించాలి.

ముద్ర లేని సరుక్కి మాటే ముద్ర. అంచేత గంప దగ్గర ధర కథ రూపంలో వస్తుంది. "నాకే పద్దెనిమిది పడింది నాయనా, ఆటో వానికి ఇచ్చుకోవాల." కొన్న ధర, ఇంటి సంగతి, బిడ్డ మీద ఒట్టు, అన్నీ బయట పెట్టుకోవాలి. బంగారు అంగడి యజమాని తన కొన్న ధర ఎవరికైనా చెబుతాడా? చివరికి కొసరు: గుప్పెడు కరివేపాకు, రెండు మిరపకాయలు. అది దయ అనుకుంటాడు కొనేవాడు. రేపు మళ్లీ రావాలన్న ఒప్పందం అది, కాగితం లేని ఒప్పందం.

మాట ఎక్కువ ఆడవాళ్లదనీ, సూటి మాట మగవాళ్లదనీ అనేవాళ్లు సీమ పశువుల సంతను తలచుకోవాలి. దళారులు తువ్వాలు కప్పి దాని కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తారు. చుట్టూ ఉన్నవాళ్లకు అంకె తెలియకూడదు. ఇంతకన్నా సూటిగాలేని మాట ఉంటుందా? ఆ ఆవు ఎన్ని పాలిస్తుందో, ఎవరిని తంతుందో ఇంట్లో ఆడమనిషికి తెలుసు, ఆ వేళ్ల లెక్క మాత్రం ఆమెకు అందదు. పులివెందుల చీనీ కాయల వ్యాపారంలోనూ తోటలో ఆడవాళ్ల చేతులున్నాయి, ధర పాడే చోట మగ గొంతులే.

మన సాహిత్యం దీన్ని ఎంతవరకు పట్టుకుంది? గొల్లకలాపంలో గొల్లభామ చల్ల అమ్మవచ్చి బ్రాహ్మణుడితో వేదాంతం చర్చిస్తుంది. గొప్ప ధిక్కారమే, సందేహం లేదు. కాని చల్ల ముంత ఎంతకిచ్చిందో మనకు తెలియదు. గురజాడ మాత్రం పట్టుకున్నాడు. మధురవాణి మాటల్లో ప్రతి సరసం వెనకా ఒక లెక్క నడుస్తుంది. మోసపోయిన పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. ఆ ఇద్దరినీ "స్త్రీల భాష" అనే ఒక గంపలో వేయడం ఎవరి తరమూ కాదు. మన సీమ కథ కరువు చుట్టూ, కక్షల చుట్టూ తిరిగినంతగా బజారు చుట్టూ తిరగలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశాలు వ్యవసాయం (1962), చేనేత (1971) పదాలను మనకు దక్కించాయి. పదాలు అక్కడ దొరుకుతాయి గాని, బేరం పదాల్లో లేదు, ఎవరు ముందు ధర చెప్పారన్న దాంట్లో ఉంది. బడిలో పదో తరగతి పిల్లల చేత కూరగాయల బేరం సంభాషణగా రాయిస్తే, రోజూ అమ్మతో గంప దగ్గర కూర్చునే పిల్ల కూడా "ఈ వంకాయల ధర ఎంత?" అని పుస్తకంలా రాస్తుంది. ఆ పిల్లనేమంటాం, మనం చదివించే కథలు అట్లా ఉంటే!

అమ్మే స్త్రీ గొంతు కొనేవాడి ముందు ఒకటి, ఆశీలు వసూలు చేసేవాడి ముందు ఇంకొకటి. అక్కడ "నాయనా" ఉండదు. పక్క గంపల వాళ్లను కలుపుకుని "మేము" అంటుంది. 2014 వీధి విక్రేతల చట్టం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా విక్రేతలు ఉండాలనీ, వాళ్లలో మూడో వంతు స్త్రీలు ఉండాలనీ చెప్పింది. కోళికోడ్ బట్టల అంగళ్లలో రోజంతా నిలబడి నవ్వవలసిన అమ్మాయిలు ఏళ్ల తరబడి పోరాడాక 2018లో కేరళ, 2021లో తమిళనాడు కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. "ఈ రంగు నీకు నప్పుతుందక్కా" అన్న గొంతే "మాకు స్టూలు కావాలి" అంది. ఈ రెండో వాక్యం ఉన్న తెలుగు కథ కోసం నేను ఎదురుచూస్తున్నాను.

ఈమధ్య గంపల పక్కన కూడా ఫోనుతో డబ్బు చెల్లించే అట్ట, ఒక చిన్న పెట్టె కనిపిస్తున్నాయి. డబ్బు వచ్చిందని ఆ పెట్టే చెబుతుంది. చిల్లర లేదనే మాట పోయింది, ఆ మాట సాకుతో ఇచ్చే కొసరు కొంత పోయింది. ఖాతా ఎవరి పేరు మీద ఉందని అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు, "మా పిల్లోనిది."